రేడియేటర్ విప్పే ముందు

కారు ఇంజను మరిగిందంటే ముందుగా అనుమానం రేడియేటర్ మీదికే పోతుంది. ఫోర్డ్ మోడల్-టి విషయంలో ఆ అనుమానం చాలాసార్లు తొందరపాటే.

1908లో మార్కెట్లోకి వచ్చిన ఈ కారులో మొదటి 2,500 బళ్లకు, అటూఇటుగా, నీటి పంపు ఉండేది. 1909లో ఫోర్డ్ దాన్ని తీసేసి, నీళ్లను తిప్పే పని వేడికే అప్పగించాడు. సిలిండర్ల చుట్టూ కాగిన నీరు తేలికై పైగొట్టం గుండా రేడియేటర్ నెత్తికి చేరుతుంది. అక్కడి నుంచి సన్నని గొట్టాల్లో చల్లబడుతూ, బరువెక్కి దిగి, అడుగు గొట్టం గుండా మళ్లీ ఇంజనులోకి వస్తుంది. దీన్నే థర్మోసైఫన్ అంటారు. కదిలే భాగమే లేదు కనుక అరిగేదీ లేదు. అయితే నీటిమట్టం పైగొట్టం నోటికంటే కిందికి దిగితే ప్రవాహం తెగిపోతుంది. రేడియేటర్‌లో ఇంకా బోలెడు నీళ్లున్నా ఇంజను మరుగుతుంది. అందుకే పరీక్ష మట్టం చూడటంతోనే మొదలవుతుంది.

మరిగినంత మాత్రాన కొంప మునిగిపోదు. లీటరు నీటిని 20 నుంచి 100 డిగ్రీల దాకా కాచడానికి పట్టే వేడికి ఆరు రెట్లకు పైగా, ఆ నీరు పూర్తిగా ఆవిరి కావడానికి పడుతుంది. 1886 నాటి బెంజ్ కారు చల్లబడింది ఈ లెక్క మీదే, నీటిని ఆవిరిగా పోగొట్టుకుంటూ. 1888లో ఆ కారు చేసిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్ జర్మనీలో మన్‌హైమ్ నుంచి ఫోర్‌ట్‌స్‌హైమ్ వెళ్తూ దారి పొడవునా నీళ్లు పోసుకోవలసి వచ్చింది మరి!

1912 ప్రాంతంలో బాయిస్ మోటోమీటర్ వచ్చింది. రేడియేటర్ మూతకే బిగించే థర్మామీటర్ ఇది. అందులో ఎర్రని ద్రవం ఎంత ఎక్కిందో డ్రైవరు తన సీట్లోంచే చూడగలడు. కాకపోతే దాని కొస నీటిలో మునిగి ఉండదు, నీటిపైన ఉన్న ఆవిరి వేడినే చెబుతుంది.

ఈ పాత కార్లను ఇప్పటికీ నడిపేవారికి, తాకకుండానే వేడిని కొలిచే పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) థర్మామీటర్ ఉంది. రేడియేటర్ పైభాగం సలసల కాగుతూ అడుగు చల్లగా ఉంటే గొట్టాలు పూడుకుపోయాయని అర్థం. అడుగు కూడా దాదాపు అంతే వేడిగా ఉంటే జబ్బు వేరు. గొట్టాలకు పలుచని రెక్కలను అతికించిన టంకం తుప్పుకు వదిలిపోయి ఉండవచ్చు. వేలితో తోస్తే రెక్క గొట్టం మీద జారుతుంది. నీళ్లు పోసి చూస్తే ధార బ్రహ్మాండంగా వస్తుంది, వేడి మాత్రం గాలిలోకి పోదు. నీళ్ల ధారను మాత్రమే పరీక్షించే మెకానిక్‌కు ఇది చిక్కదు.

ఇవన్నీ బాగున్నా మరుగుతుంటే స్టీరింగ్ కింద ఎడమవైపు మీట చూడాలి. నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నిర్ణయించేది అదే. హ్యాండిల్ తిప్పేటప్పుడు ఇంజను ఎదురు తన్నకుండా మీటను పైకి పెట్టి, రవ్వను ఆలస్యం చేస్తారు. స్టార్టయ్యాక కిందికి దించడం మరిచిపోతే, మంట పని ముగించకముందే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. ఆ సెగ వాల్వు దారి గోడల గుండా నీటిలోకి దిగుతుంది. అదే రోడ్డు మీద అదే వేగంతో పోతూ మీట దించి చూడాలి. మోటోమీటర్‌లో ఎరుపు తగ్గితే రేడియేటర్ జోలికి పోనక్కరలేదు.