నామినేషన్ వేసేవాళ్లు నమ్మే అపోహలు

అసెంబ్లీ ఎన్నికలు వస్తే నా బల్ల మీద సివిల్ ఫైళ్లు పక్కకు జరిగి ఫారం 2బీ (నామినేషన్ పత్రం), ఫారం 26 (ఆస్తులు, కేసుల అఫిడవిట్) కట్టలు చేరతాయి. వకీలుగా ప్రతిసారీ వినే మాటలివి.

అపోహ: పోటీచేసే చోటే ఓటుండాలి.
అక్కర్లేదు. రాష్ట్రంలో ఎక్కడున్నా సరే, ఓటరు జాబితా సర్టిఫైడ్ కాపీ పెడితే చాలు. అక్కడే ఓటుండాల్సింది ప్రతిపాదించేవాళ్లకు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు చాలు, ఇండిపెండెంటుకు పదిమంది కావాలి. ఒకాయన చివరిరోజు రెండున్నరకు పది సంతకాలతో వచ్చాడు. ఓటరు జాబితాలో పార్ట్ నంబర్లు సరిచూస్తే తొమ్మిదో సంతకం బావమరిదిది, ఓటేమో వాగు అవతల పక్క నియోజకవర్గంలో! గడువు మూడింటికి. అద్దెకారు డ్రైవరు ఊరివాడే కాబట్టి బతికిపోయాం.

అపోహ: అఫిడవిట్‌లో వర్తించని గడులు ఖాళీగా వదిలేయొచ్చు.
వద్దు. 'లేదు' అనో 'వర్తించదు' అనో రాయాలి. ఖాళీలు పూరించమని రిటర్నింగ్ అధికారి నోటీసిచ్చాక కూడా వదిలేస్తే నామినేషన్ తిరస్కరించొచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. భార్య పేరిట ఆస్తుల గడి దగ్గరికి రాగానే అందరి పెన్నూ ఆగుతుంది. బయటికెళ్లి, గొంతు తగ్గించి, "మన బంగారం ఎన్ని తులాలే?" అని ఇంటికి ఫోను.

అపోహ: కేసుంటే పోటీ చేయకూడదు.
విచారణలో ఉన్న కేసు అడ్డుకాదు. రెండేళ్లు, ఆపైన శిక్ష పడితే అనర్హత. కొన్ని నేరాలకైతే జరిమానా పడినా చాలు.

అపోహ: నాలుగు సెట్ల నామినేషన్లకు నాలుగు డిపాజిట్లు.
ఒకే నియోజకవర్గంలో ఎన్ని సెట్లు వేసినా ఒక్కటే. పదివేలు, ఎస్సీ, ఎస్టీలకు ఐదువేలు. ఓడినవాళ్లకు అది వెనక్కి రావాలంటే చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటాలి. నోటా ఆ లెక్కలోకి రాదు. నోటాకే అందరికన్నా ఎక్కువ పడినా, అభ్యర్థుల్లో ముందున్నవాడే ఎమ్మెల్యే.

అపోహ: పెద్ద నాయకులు ఎన్ని చోట్లయినా నిలబడొచ్చు.
రెండే. 2023లో కేసీఆర్ గజ్వేల్‌తో పాటు, రేవంత్ రెడ్డి కొడంగల్‌తో పాటు కామారెడ్డిలోనూ నిలిచారు. కామారెడ్డిలో ఇద్దరినీ ఓడించింది కాటిపల్లి వెంకటరమణారెడ్డి.

అపోహ: ఓడితే ఖర్చు లెక్క అడగరు.
అడుగుతారు. మన రెండు రాష్ట్రాల్లోనూ అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత. ఆ నెలంతా బిల్లుల కోసం ఫోన్లు చేసేది మేమే. గెలిచినాయన తీరిక లేదంటాడు, ఓడినాయన అసలు ఫోనే ఎత్తడు.