ఎన్‌క్రిప్టెడ్ పెన్‌డ్రైవ్‌లు: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఆడిటర్ల ఆఫీసులకు, స్కానింగ్ సెంటర్లకు, అటు పలాస జీడిపప్పు వ్యాపారులకు డేటా భద్రత చూసిపెట్టడం నా పని. ఎన్‌క్రిప్టెడ్ డ్రైవ్‌లు, అంటే డేటాను రహస్య సంకేతాలుగా మార్చి పాస్‌వర్డ్‌తో దాచేవి, కొనడం ఇప్పుడు బాగా పెరిగింది. సంతోషమే. కానీ కొనేటప్పుడు ఏం చూడాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

అపోహ: పెట్టె మీద "ఏఈఎస్ 256" అని ఉంటే చాలు.

వాస్తవం: చాలదు. ఏఈఎస్ అంటే డేటాను సంకేతాలుగా మార్చే పద్ధతి. దాన్ని ఛేదించడం ఎవరి వల్లా కాదు, కాబట్టి దొంగ దాని జోలికే పోడు, పక్కదారి వెతుకుతాడు. 2010 జనవరిలో కింగ్‌స్టన్, శాన్‌డిస్క్, వెర్బటిమ్ కంపెనీల కొన్ని డ్రైవ్‌ల విషయంలో ఇదే బయటపడింది. పాస్‌వర్డ్ సరైనదా కాదా అని చూసే పని డ్రైవ్‌లో కాకుండా కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌లో జరిగేది. మీరు పెట్టుకున్న పాస్‌వర్డ్ ఏదైనా సరే, అది సరిపోయాక ఆ ప్రోగ్రామ్ డ్రైవ్‌కు పంపే సంకేతం మాత్రం ఒక్కటే. జర్మనీకి చెందిన ఎస్‌వైఎస్‌ఎస్ సంస్థ నిపుణులు ఆ సంకేతాన్ని నేరుగా పంపారు, డ్రైవ్ తెరుచుకుంది. వాటికి అమెరికా ప్రభుత్వ భద్రతా ప్రమాణమైన ఫిప్స్ 140-2 లెవెల్ 2 సర్టిఫికెట్ కూడా ఉంది! అందుకే పాస్‌వర్డ్‌ను డ్రైవ్ లోపలి చిప్పే సరిచూసుకునే రకం కొనమంటాను. పాస్‌వర్డ్ కొట్టే మీటలు డ్రైవ్ మీదే ఉంటే ఇంకా మంచిది.

అపోహ: ఫిప్స్ ఉందంటే విప్పడం అసాధ్యం.

వాస్తవం: ఏ లెవెలో అడగండి. మొత్తం నాలుగున్నాయి. లెవెల్ 1లో విప్పకుండా ఆపే ప్రత్యేక ఏర్పాటేమీ ఉండదు. లెవెల్ 2లో ఎవరైనా చెయ్యి పెడితే ఆనవాలు మిగలాలి, అంతే. సీల్ చిరిగిందని తెలుస్తుంది గానీ దొంగ ఆగడు. లెవెల్ 3 నుంచి అసలు రక్షణ మొదలవుతుంది. అలాంటి డ్రైవ్‌లు చాలావాటిలో చిప్‌ల మీద ఎపాక్సీ అనే గట్టి జిగురు పోసి ఉంటుంది. నల్లగా, రాయిలా గడ్డకట్టి, కింద ఏ చిప్ ఉందో కూడా కనిపించదు. గీకి తీయబోతే చిప్ కూడా ఊడి పాడవుతుంది. జేబులో పెట్టుకుని బస్సెక్కేవాళ్లకు లెవెల్ 3 కన్నా తక్కువది నేను సిఫారసు చేయను.

అపోహ: "ఫిప్స్ కంప్లయంట్" అన్నా సర్టిఫికెట్ ఉన్నట్టే.

వాస్తవం: అది కంపెనీ తనకు తాను చెప్పుకున్న మాట. "వాలిడేటెడ్" అయితే సర్టిఫికెట్ నంబర్ ఉంటుంది, అమెరికా సంస్థ నిస్ట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. డ్రైవ్ మోడల్, ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలి ప్రోగ్రామ్) వెర్షన్ రెండూ అక్కడున్న వాటితో సరిపోవాలి. 140-2 సర్టిఫికెట్లు 2026 సెప్టెంబర్ 21తో పాత జాబితాలోకి వెళ్తాయి. కొత్తగా కొనేవాళ్లు దాని తర్వాతి ప్రమాణం 140-3 ఉన్నదే అడగాలి.

అపోహ: "పాస్‌వర్డ్ మర్చిపోయాను సార్, మీరైతే తీసేస్తారుగా?"

వాస్తవం: నేనే కాదు, తయారుచేసిన కంపెనీ కూడా తీయలేదు. చాలా డ్రైవ్‌లలో వరుసగా పదిసార్లు తప్పు కొడితే డేటాను తెరిచే లోపలి కీ చెరిగిపోతుంది. ఇక ఆ డేటా తిరిగి రాదు. నలుగురైదుగురు వాడే ఆఫీసైతే వాడేవాళ్లు తమది మర్చిపోయినా తెరవడానికి యజమాని దగ్గర ఉండే అడ్మిన్ పాస్‌వర్డ్ ముందే విడిగా పెట్టుకునే మోడల్ తీసుకోండి. అదే డేటా ఇంకో ఎన్‌క్రిప్టెడ్ డ్రైవ్‌లో కాపీ చేసి బీరువాలో ఉంచండి.