గీతలు నిలబడ్డాయి, పాట ఈడుస్తోంది

మల్కాజిగిరి నుంచి ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. వాళ్ళ బావమరిది న్యూజెర్సీలో ఎవరి ఇంటి ముందో అమ్మకానికి పెట్టిన పాత బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ (మోటారు రబ్బరు బెల్టుతో పళ్ళేన్ని తిప్పే రకం రికార్డు ప్లేయర్) కొని, దుప్పట్లలో చుట్టి సూట్‌కేసులో తెచ్చాడు. ఇక్కడ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని 230 వోల్టులను 120కి దించారు. మోటారు చప్పుడు లేకుండా తిరుగుతోంది. ఘంటసాల ఎల్పీ పెడితే మాత్రం గొంతు బరువెక్కి, పాట ఈడుస్తోంది. మెకానిక్ బెల్టు సాగిందన్నాడు. కొత్త బెల్టు వేసినా తేడా లేదు. పెట్టెలోనే ఉన్న స్ట్రోబ్ బిళ్ళను, అంటే వేగం సరిచూడటానికి చుట్టూ గీతలు గీసిన బిళ్ళను, ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్ళెం) మీద పెట్టి, పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ కింద చూశారు. 33 (నిమిషానికి 33⅓ చుట్లు, ఎల్పీ వేగం) అని రాసిన వరసలో గీతలు కదలకుండా నిలబడ్డాయి. “స్పీడు కరెక్టేనని బిళ్ళ అంటోంది, కాదని చెవి అంటోంది. ఎవర్ని నమ్మాలి?”

చెవినే నమ్మండి. బిళ్ళ ఎందుకు తప్పు చెప్పిందన్నదే ఇక్కడ అసలు మజా.

అమెరికాలో ఇళ్ళకొచ్చే కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మన దగ్గర 50 సార్లు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుంది కానీ ఆ ఊపును ముట్టుకోదు. “మన గృహాలకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్” అని బడిలో ఒక మార్కు కోసం బట్టీ పట్టినవాళ్ళమే అందరం. వోల్టు గురించి పాఠం ఉంటుంది, షాకు గురించి హెచ్చరిక ఉంటుంది. ఆ 50 ఏం పని చేస్తుందని అడిగిన టీచరు నాకైతే తగల్లేదు. పాత టర్న్‌టేబుల్‌లో పని చేసేది ముఖ్యంగా ఆ 50యే.

బతుకమ్మ ఆట చూసే ఉంటారు. పన్నెండు మంది గుండ్రంగా నిలబడ్డారనుకుందాం. చప్పట్టు పడగానే ప్రతి ఒక్కరూ ఒక అడుగు జరిగి, సరిగ్గా ముందున్నావిడ చోటికి చేరతారు. పన్నెండు చప్పట్లకు ఒక చుట్టు. చప్పట్లు గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా చుట్టు వేగం మారదు. చప్పట్టుకూ చప్పట్టుకూ మధ్య ఎడం పెరిగితేనే ఆట నెమ్మదిస్తుంది. మరీ వినబడనంత మెల్లగా కొడితే ఆట నెమ్మదించదు, చెదిరిపోతుంది.

సింక్రనస్ మోటారు నడిచేది అచ్చం ఇలాగే. చప్పట్ల జోరు వోల్టేజి, సెకనుకు ఎన్ని చప్పట్లన్నది ఫ్రీక్వెన్సీ. 1961లో వచ్చిన ఏఆర్ కంపెనీ ఎక్స్‌ఏ మోడల్ తరహా అమెరికన్ బెల్ట్ డ్రైవ్‌లలో ఉండేవి ఈ జాతి మోటార్లే. 24 అయస్కాంత ధ్రువాల మోటారు తీసుకోండి. పన్నెండు ఉత్తర ధ్రువాలు, పన్నెండు దక్షిణ ధ్రువాలు. కరెంటు ఒకసారి పూర్తిగా ఊగితే రోటరు (మోటారులో తిరిగే భాగం) ఒక జత ధ్రువాల మేర జరుగుతుంది, పన్నెండు ఊపులకు ఒక చుట్టు. 60 హెర్ట్జ్ మీద నిమిషానికి 300 చుట్లు, 50 మీద 250. అక్కడ 33⅓ తిరిగిన ప్లాటర్ ఇక్కడ 27.8 దగ్గర ఆగుతుంది. నిష్పత్తి ఆరింట ఐదు. సంగీతం భాషలో మూడు స్వరస్థానాలు, ఆపైన ఇంకాస్త. ఐదు శ్రుతిలో పాడిన గాయని మూడు శ్రుతి కిందికి దిగిపోతుంది. మూడు నిమిషాల ఇరవై సెకన్ల పాట సరిగ్గా నాలుగు నిమిషాలు పడుతుంది.

మరి గీతలెందుకు నిలబడ్డాయి? మళ్ళీ ఆటలోకే వెళ్దాం. అందరివీ ఒకే రంగు చీరలు, ఒకే ఎత్తు. ప్రతి చప్పట్టుకూ ఒక ఫొటో తీశారు. ఒకరి చోటికి ఇంకొకరు వచ్చేస్తారు కాబట్టి అన్ని ఫొటోలూ ఒకేలా ఉంటాయి. వరసగా తిప్పి చూస్తే ఎవరూ కదలనట్టే ఉంటుంది. ట్యూబ్‌లైటే మన కెమెరా. ఊపు ఒకటైతే వెలుగు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది కాబట్టి మన దగ్గర సెకనుకు వంద మెరుపులు. 33⅓ వేగంలో ప్లాటర్ ఒక మెరుపు నుంచి ఇంకో మెరుపుకు సరిగ్గా 2 డిగ్రీలు తిరుగుతుంది. అందుకే మన బిళ్ళ మీద 180 గీతలు. అమెరికాలో మెరుపులు 120, అక్కడి బిళ్ళ మీద గీతలు 216.

ఇప్పుడు ఆ 216 గీతల బిళ్ళ మల్కాజిగిరిలో 27.8 వేగంతో తిరుగుతోంది. సెకనుకు దాటే గీతలు వంద. ట్యూబ్‌లైట్ మెరుపులూ వంద. ఆట నెమ్మదించింది, ఫొటోలు తీసేవాడూ అదే చప్పట్టు విని అంతే నెమ్మదించాడు. ఆల్బంలో తేడా ఎలా కనబడుతుంది? మోటారూ దీపమూ ఒకే ప్లగ్గు పాయింటు నుంచి తాళం తీసుకుంటున్నప్పుడు ఒకదాని తప్పు ఇంకొకటి పట్టించదు. అదే ప్లాటర్ మీద 180 గీతల బిళ్ళ పెట్టి ఉంటే సెకనుకు పదహారుకు పైగా గీతలు వెనక్కి పరుగెత్తేవి, గుట్టు అప్పుడే బయటపడేది.

ఈ చిక్కు విదేశీ సరుకుకే పరిమితం అనుకోవద్దు. 2003కి ముందు దక్షిణాది గ్రిడ్ 48.5 హెర్ట్జ్ దిగువన గంటల తరబడి నడిచిన రోజులున్నాయి. అంటే ప్లాటర్ 3 శాతం నెమ్మది, శ్రుతి అర స్వరస్థానం కిందికి. అప్పట్లో టీవీకీ ఫ్రిజ్‌కీ స్టెబిలైజర్ లేని ఇల్లు అరుదు. అది వోల్టులనే కాపాడేది. హార్మోనియం పక్కన పెట్టుకుని రికార్డుతో సాధన చేసేవాళ్ళకు శ్రుతి ఎందుకు కలవడం లేదో అర్థం కాక, పాపం రికార్డును తిట్టుకునేవారు. స్ట్రోబ్ బిళ్ళ మాత్రం అప్పుడూ అంతా బాగుందనే చెప్పేది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో దక్షిణాది జాతీయ గ్రిడ్‌లో కలిసింది. ఇప్పుడు నిర్దేశించిన పరిధి 49.90 నుంచి 50.05 హెర్ట్జ్. 0.2 శాతం తేడాను ఏ చెవీ పట్టుకోలేదు.

దీపం మీద ఆధారపడని పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేదు. ప్లాటర్ అంచున తెల్ల కాగితం ముక్క అంటించి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెట్టండి. 33⅓ అంటే మూడు నిమిషాలకు సరిగ్గా వంద చుట్లు. 83 దగ్గర ఆగితే మీ పుల్లీ, అంటే మోటారు కొనన ఉండి బెల్టును లాగే చిన్న చక్రం, 60 హెర్ట్జ్‌ది. 97, 98 వస్తే బెల్టో బేరింగో చూడాలి. పాతది కొనేటప్పుడు, ఎర్రగడ్డ సండే మార్కెట్‌లోనైనా జుమ్మెరాత్ బజార్‌లోనైనా, అమ్మేవాడు విసుక్కున్నా ఈ మూడు నిమిషాలూ అడిగి తీసుకోండి. స్ట్రోబ్ వాడేవాళ్ళకు రెండు మాటలు. సెకనుకు ఒక గీత ముందుకు జరిగితే వేగం 1 శాతం ఎక్కువన్నట్టు. 45 చుట్ల వేగం వరసలో మాత్రం గీతలు మెల్లగా వెనక్కి పాకడం రోగం కాదు. లెక్క ప్రకారం 133⅓ గీతలు కావాలి, మూడో వంతు గీత గీయలేక 133 వేశారు.

ఇక మందు. మోటారు వేగం మన చేతిలో లేదు కాబట్టి పుల్లీ పెద్దది కావాలి. 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితే సంతోషం. దొరక్కపోతే బాలానగర్ వైపు లేత్ పనివాళ్ళు ఇత్తడిలో తిప్పి ఇస్తారు. కొలత మాత్రం మీరే రాసివ్వాలి. ‘1.2 రెట్లు చేయండి’ అంటే చాలదు. బెల్టు మందంలో సగం పుల్లీకి ఒకవైపు, సగం ఇంకోవైపు కలుస్తుంది. కాబట్టి పనిచేసే వ్యాసం అంటే పుల్లీ వ్యాసం, దానికి బెల్టు మందం కలిపి. పాత పుల్లీ 17.2 మిల్లీమీటర్లు, బెల్టు 0.6 అనుకోండి. కలిపితే 17.8. దాన్ని 1.2తో హెచ్చిస్తే 21.36. బెల్టు తీసేస్తే 20.76. ఊరికే 17.2ను హెచ్చిస్తే 20.64 వచ్చేది, ప్లాటర్ అర శాతానికి పైగా నెమ్మదిగా తిరిగేది. పుల్లీ మీద 45 వేగానికి ఉండే మెట్టుకూ ఇదే లెక్క. రంధ్రం నట్టనడుమ ఉండటం వ్యాసం కంటే ముఖ్యం. నడిమి నుంచి 0.05 మిల్లీమీటరు తప్పినా, సుమారు 10 మిల్లీమీటర్ల వ్యాసార్ధం మీద వేగం అర శాతం పైకీ కిందికీ ఊగుతుంది, అదీ సెకనుకు నాలుగుసార్లు. ప్లాటర్ బరువూ బెల్టు సాగుడూ కలిసి చాలావరకు మింగేస్తాయి కానీ వీణ సాగతీత స్వరంలో మిగిలినది వణుకుగా వినబడుతుంది.

ఇంకో సంగతి. 60 హెర్ట్జ్ కోసం చుట్టిన మోటారుకు అదే 120 వోల్టులు 50 మీద ఇస్తే లోపలి అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరుగుతుంది, ఒళ్ళు వేడెక్కుతుంది. ఫ్రీక్వెన్సీ తగ్గిన లెక్కన వోల్టేజీ తగ్గాలి, 100 వోల్టులు సరిపోతుంది. జపాన్ సరుకు కోసం అమ్మే 100 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పనికొస్తుంది. అన్నట్టు జపాన్‌లోనే తూర్పున 50 హెర్ట్జ్, పడమర 60. కరెంటు పోయినప్పుడు ఇంట్లోని చవక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మాత్రం నడపొద్దు, మోటారు గుర్రుమంటుంది.

ఈ గొడవంతా వద్దనుకుంటే బంధువులకు ముందే చెప్పండి: డీసీ మోటారుదో, క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవో (బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్ళేన్ని తిప్పేది) తెమ్మనండి. 1979 నాటి టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 లాంటివి తాళాన్ని తమలోని స్ఫటికం నుంచి తీసుకుంటాయి, గోడలో ఎన్ని హెర్ట్జ్ ఉన్నా పట్టించుకోవు. వోల్టేజి సరిచూసుకుంటే చాలు.

కొనేటప్పుడు మిగతావి గబగబా. టోన్ ఆర్మ్‌ను, అంటే సూదిని మోసే చేయిని, వేలితో అటూ ఇటూ కదిపితే బేరింగ్‌లో లొడలొడ ఉండకూడదు. ఆటోమేటిక్ మెషీన్‌లో చేయి మధ్యలో ఆగిపోతే తొంభై పాళ్ళు గడ్డకట్టిన పాత గ్రీజే. తీసి, తుడిచి, కొత్తది రాస్తే లేచి నడుస్తుంది. మోటారు బేరింగ్‌కు కుట్టుమిషన్ ఆయిల్ రెండు చుక్కలు. కొబ్బరినూనె వేసినవీ చూశాను, చలికాలం పొద్దున కదలవు. గుయ్ మని శబ్దం వస్తే ముందు సన్నని ఎర్త్ వైరు ఆంప్లిఫైయర్ గ్రౌండ్‌కు బిగించారా అని చూడండి. బంగారు పూత కేబుళ్ళ మాట ఆ తర్వాత, అసలు ఎత్తకపోయినా నష్టం లేదు.

పాత హెచ్ఎంవీ ఫియెస్టా, ఫిలిప్స్ పెట్టెలు తిరుగుతాయి కానీ పలకవు. వాటిలో చాలావరకు క్రిస్టల్ క్యార్ట్‌రిడ్జ్‌లు (సూది కదలికను కరెంటుగా మార్చే భాగాలు). లోపల ఉండేది రోషెల్ లవణం. తేమకు కరుగుతుంది, 55 డిగ్రీల దగ్గర చెడిపోతుంది. మన వానాకాలం ఒక దెబ్బ, రేకుల షెడ్డులో మే నెల ఇంకో దెబ్బ. దానికి రిపేరు లేదు, సిరామిక్ క్యార్ట్‌రిడ్జ్ వేసుకోవడమే.

బడ్జెట్‌లో మూడో వంతు కొత్త సూదికి పక్కన పెట్టమంటాను. అరిగిన సూది గాడిని తవ్వుకుంటూ పోతుంది, పోయిన గాడి మళ్ళీ రాదు. సూది గెంతుతోందని హెడ్‌షెల్ (చేయి కొనన సూదిని బిగించే తల) మీద రూపాయి బిళ్ళ పెట్టే అలవాటు మన పెద్దల నుంచి మెకానిక్‌ల దాకా ఉంది, పసుపు కుంకుమ పెట్టినంత నమ్మకంతో. 2011 నాటి రూపాయి 3.79 గ్రాములు. 2 గ్రాములకు సెట్ చేసిన సూది మీద అది పెడితే బరువు దాదాపు మూడు రెట్లు. 2 గ్రాములే మామూలు బరువు కాదు. గాడి గోడలు రెండూ 45 డిగ్రీల వాలు కాబట్టి ఒక్కో గోడ మీద 1.4 గ్రాములు పడుతుంది. ఆనుకునే చోటు 50 చదరపు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుంటే, అది చదరపు సెంటీమీటరుకు 2.8 టన్నుల ఒత్తిడి. గెంతుడుకు కారణం టర్న్‌టేబుల్ సమంగా లేకపోవడమో, యాంటీ స్కేటింగ్ (చేయి లోపలికి జారిపోకుండా పట్టే ఏర్పాటు) తప్పడమో, ఆర్మ్ వైరు బిగుసుకోవడమో అయి ఉంటుంది.

తాతల నాటి 78 రికార్డులు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) కూడా ఉన్నాయా అని అదే పాఠకుడిని అడిగితే ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయన్నారు. వాటికి ఎల్పీ సూది పనికిరాదు. ఎల్పీ సూది మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు, 78 గాడికి 75 దాకా కావాలి. సన్నది వేస్తే గాడి అడుగున దుమ్ములో ఈదుతుంది, వినబడేది చిటపటలే. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడొద్దు, అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌లో కరుగుతాయి. డిస్టిల్డ్ వాటర్, ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్, మెత్తని బ్రష్ చాలు. లేబుల్ మాత్రం తడవనివ్వకండి.