సగం డోసు ఎక్కడి నుంచి వచ్చింది?

హెచ్ఐవీ ఉన్న మనిషికి లింఫోమా (రోగనిరోధక కణాల్లో పుట్టే క్యాన్సర్) అని తేలగానే ఇంట్లోవాళ్లు డాక్టరును ముందు అడిగేది ఒకటే: "కీమోకి తట్టుకుంటాడా అండీ?" ఒకప్పుడు తట్టుకోలేకపోయిన మాట నిజం. ఆ కాలం పోయి ఇరవై ఏళ్లు దాటింది, భయం మాత్రం పోలేదు. ఇంట్లోవాళ్లకే కాదు, కొందరు డాక్టర్లకీ పోలేదు. మందు తగ్గించి ఇవ్వడం, కొన్నిసార్లు అసలు ఇవ్వకపోవడం ఆ భయంలోంచి వచ్చినవే.

1982 జూన్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తన వారపత్రికలో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన నలుగురు స్వలింగ సంపర్కుల గురించి రాసింది. నలుగురికీ చాలా వేగంగా పెరిగే లింఫోమా. అప్పటికి ఎయిడ్స్ అనే పేరే స్థిరపడలేదు. దానికి కారణమైన వైరస్ ఇంకా దొరకలేదు. 1985 నాటికి ఈ రకం లింఫోమా ఎయిడ్స్‌ను నిర్ధారించే జబ్బుల జాబితాలోకి ఎక్కింది.

ఎందుకు వస్తుందంటే, ఒంటిని జబ్బుల నుంచి కాపాడే సీడీ4 అనే తెల్ల కణాలు పడిపోయినప్పుడు ఒంట్లో అప్పటిదాకా అణిగి ఉన్న ఎప్‌స్టీన్-బార్ వైరస్ లాంటివి తలెత్తుతాయి. ఈ వైరస్‌ను 1964లో ఉగాండా పిల్లల్లో వచ్చే బర్కిట్ లింఫోమా కణాల్లో కనిపెట్టారు. మరోపక్క హెచ్ఐవీతో పోరాడుతూ, యాంటీబాడీలు తయారుచేసే బీ-కణాలు ఏళ్ల తరబడి విశ్రాంతి లేకుండా విభజన చెందుతుంటాయి. ఆ విభజనలో ఎక్కడో ఒక పొరపాటు జరిగితే చాలు.

ఇక డోసు సంగతి. మొదట్లో మామూలు రోగులకు ఇచ్చే కీమోనే వీళ్లకూ ఇచ్చారు. గడ్డ కరిగేది, కానీ అప్పటికే నీరసించిన మూలుగ పూర్తిగా చతికిలబడేది. తెల్ల కణాలు పడిపోయి, న్యుమోనియాతోనో రక్తంలో ఇన్ఫెక్షన్‌తోనో మనిషి పోయేవాడు. అందుకే డోసు తగ్గించి చూశారు. ఎం-బాకోడ్ అనే కీమోను పూర్తి డోసులో, తక్కువ డోసులో (దాదాపు సగం) పోల్చిన అమెరికా పరీక్ష ఫలితాలు 1997లో వచ్చాయి. తక్కువ డోసు తీసుకున్నవాళ్ల సగటు ఆయుష్షు 35 వారాలు, పూర్తి డోసువాళ్లది 31 వారాలు. లాభం లేనప్పుడు ఎక్కువ బాధ ఎందుకని సగం డోసే మంచిదన్నారు. ఆ రోజుకి అది దయతో, ఆధారంతో తీసుకున్న నిర్ణయమే. రెండు గుంపుల్లోనూ సగానికి పైగా ఏడాది గడవకుండానే పోతున్న రోజులవి.

బాధాకరమైన సంగతేమిటంటే, ఆ ఫలితం అచ్చయ్యేసరికే ప్రపంచం మారిపోయింది. 1996లో మూడు మందుల ఏఆర్‌టీ, అంటే హెచ్ఐవీని అణిచిపెట్టే చికిత్స, వచ్చింది. వైరస్ అదుపులోకి వచ్చింది, సీడీ4 పెరగసాగింది. సగం డోసుకి ఆధారమైన రోగి, 35 వారాల రోగి, క్రమంగా కనుమరుగయ్యాడు. అతని కోసం రాసిన నియమం మాత్రం మిగిలింది.

దాన్ని కదిలించింది అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో జరిగిన ఈపాక్ చికిత్స. ఎర్రటి డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్, ఎటోపోసైడ్ అనే మూడు కీమో మందులనూ ఒక్కసారిగా ఎక్కించరు. సంచిలో కలిపి 24 గంటల పాటు పంపుతో మెల్లగా ఎక్కిస్తారు. నాలుగు రోజులు, నాలుగు సంచులు. రోగి బాత్రూంకి వెళ్లినా పంపు వెంట రావాల్సిందే. ఐదో రోజు సైక్లోఫాస్ఫమైడ్ అనే మరో కీమో మందు. దీని డోసే అసలు విశేషం: మైక్రోలీటరు రక్తంలో సీడీ4 కణాలు వంద లోపుంటే చదరపు మీటరుకు 187 మిల్లీగ్రాములు, వందా ఆపైన ఉంటే 375. రక్త కణాలు నిలబడితే తర్వాతి విడతలో పెంచుతారు, పడిపోతే తగ్గిస్తారు. అంటే డోసు నిర్ణయించేది ఫైలు మీద రాసిన హెచ్ఐవీ అనే ముద్ర కాదు, ఆ మనిషి మూలుగ. 2003లో అచ్చయిన ఆ ఫలితాల్లో 39 మందిలో 74 శాతం మందికి జబ్బు పూర్తిగా కనబడకుండా పోయింది. నాలుగేళ్ల పైచిలుకు గడిచాక 60 శాతం మంది బతికే ఉన్నారు. ఇది చదివినప్పుడల్లా నాకు ఆ 31 వారాలే గుర్తొస్తాయి.

బీ-కణాలను గురిపెట్టే రిటుక్సిమాబ్ అనే మందు విషయంలోనూ ఇలాంటి భయమే అడ్డం పడింది. 2005లో వచ్చిన ఒక పరీక్షలో లింఫోమాకి మామూలుగా ఇచ్చే చాప్ అనే కీమోకి దాన్ని కలిపినవాళ్లలో ఇన్ఫెక్షన్ మరణాలు 14 శాతం, కలపనివాళ్లలో 2 శాతం. చాలామంది దాన్ని 'హెచ్ఐవీ ఉంటే రిటుక్సిమాబ్ వద్దు' అని చదువుకున్నారు. కానీ ఆ మరణాలు ఎక్కువగా సీడీ4 యాభై లోపున్నవాళ్లవి. 2013లో 19 పరీక్షల నుంచి 1,546 మంది వివరాలు కలిపి చూస్తే రిటుక్సిమాబ్ మేలే చేసిందని తేలింది. సీడీ4 మరీ తక్కువున్నవాళ్ల విషయంలో జాగ్రత్త ఇప్పటికీ అవసరమే.

మన దగ్గరి కథ వేరే దారిలో నడిచింది. దేశంలో హెచ్ఐవీ 1986లో చెన్నైలో బయటపడింది. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలుపెట్టింది. 2007లో హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ రెడిటక్స్ పేరుతో తక్కువ ధరకు రిటుక్సిమాబ్ తెచ్చింది. 2017 నుంచి సీడీ4 ఎంతున్నా ఏఆర్‌టీ ఇస్తున్నారు. అదే ఏడాది చేసిన చట్టం, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్నది, హెచ్ఐవీ ఉందని వైద్యం నిరాకరించడాన్ని నిషేధించింది.

హెచ్ఐవీ మందులకీ కీమోకీ మధ్య గొడవ కూడా చాలావరకు తీరింది. పాత హెచ్ఐవీ మందు జిడోవుడిన్ మూలుగను దెబ్బతీసేది. రిటోనవిర్ అనే ఇంకో హెచ్ఐవీ మందు వాడుతున్నవాళ్లకు విన్‌క్రిస్టిన్ ఎక్కిస్తే లివర్‌లో అది అరగక కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కేవి. ఇప్పుడు ఏఆర్‌టీ సెంటర్లలో ఎక్కువగా ఇస్తున్న డోలుటెగ్రవిర్‌తో కీమోకి పెద్దగా పేచీ లేదు. ఏఆర్‌టీ ఆపకుండానే కీమో ఇస్తున్నారు. వాడుతున్న బిళ్ళల డబ్బా క్యాన్సర్ డాక్టరుకి చూపించడం మాత్రం తప్పనిసరి.

మన దగ్గర ఆలస్యం ఎక్కువగా చికిత్స కంటే ముందే, జబ్బును గుర్తించడంలోనే జరుగుతోంది. మెడ కింద బిళ్ళ కడుతుంది, సాయంత్రానికి జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం. ఇవన్నీ టీబీ లక్షణాలే, లింఫోమా లక్షణాలు కూడా. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో టీబీ ఎక్కువ కాబట్టి ముందు దాన్నే అనుమానించడం సహజం. సూది పరీక్షలో ఏమీ తేలక, టీబీ బిళ్ళలు మొదలై, నెలలు గడిచినా గడ్డ తగ్గకపోతే అప్పుడు ముక్క తీసి పంపుతారు. వారాల్లో రెట్టింపయ్యే లింఫోమాకి ఆ నెలలు చాలా ఎక్కువ. గడ్డ మొత్తంగా తీసి పరీక్షకు పంపడం చిన్న ఆపరేషనే, చాలామందికి మత్తు కూడా ఆ చోటు వరకే సరిపోతుంది.