సిస్టర్ చేతి నుంచి అమ్మ చేతికి: పిల్లల షుగర్ వెనక వందేళ్ల కథ

డిశ్చార్జి రోజు తల్లి చేతికి ఒక ప్లాస్టిక్ సంచి వస్తుంది. అందులో రెండు ఇన్సులిన్ సీసాలు, సిరంజిలు, రక్తపు చుక్కతో షుగర్ చూసే మిషన్, దాని స్ట్రిప్పులు, మందుల చీటీ. పక్కన తొమ్మిదేళ్ల పిల్ల. వారం కిందట ఆయాసం, వాంతులు అంటూ మోసుకొచ్చిన పిల్లే. ఐసీయూలో సిస్టర్లు గంట గంటకూ చూసుకున్నారు. రేపటి నుంచి ఆ పనంతా తల్లిది. రోజుకు నాలుగు సూదులంటే ఏడాదికి 1,460. డోసు తక్కువైతే పిల్ల మళ్లీ ఐసీయూకి. ఎక్కువైతే నిద్రలోనే ఫిట్స్ రావచ్చు.

సూది ఎలా వేయాలో ఆమెకు నేర్పలేదా అంటే నేర్పారు. చాలాచోట్ల అది మంచం ఖాళీ చేసే హడావిడిలో, పది నిమిషాల్లో అయిపోతుంది.

మన దేశంలో 20 ఏళ్లలోపు వాళ్లలో టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు సుమారు 2,29,000 మంది అని 2021లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య అంచనా వేసింది. ఆ లెక్కలో ఏ దేశానిదీ ఇంత పెద్ద సంఖ్య కాదు. ఇది తీపి ఎక్కువ తింటే వచ్చే జబ్బు కాదు, తల్లి పెంపకంలో లోపమూ కాదు. శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. ఇక జీవితాంతం బయటి నుంచి ఇన్సులిన్ ఇవ్వాల్సిందే. మాత్రలతో కుదరదు, పథ్యంతో కుదరదు, పసరు మందుతో అసలే కుదరదు.

ఒకప్పుడు మాత్రం పథ్యం ఒక్కటే ఉండేది. 1910ల్లో అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ అనే డాక్టర్ షుగర్ ఉన్నవాళ్లకు తిండి బాగా తగ్గించేసే పద్ధతి పెట్టాడు. మూడుసార్లు ఉడికించి, నీళ్లు మూడుసార్లు పారబోసి, పిండి పదార్థం పోగొట్టిన కూరగాయలు అక్కడి పిల్లల భోజనం. దానివల్ల ప్రాణం కొన్ని నెలలు, ఒక్కోసారి ఒకటి రెండేళ్లు నిలిచేది. ఆ వార్డుల్లో నర్సు పని ఏమిటో ఊహించుకోండి. ఆకలితో ఏడ్చే పిల్లకి తిండి పెట్టకుండా ఉండడం, ఇంకెవరూ పెట్టకుండా కాపలా కాయడం. కనుచూపు పోయిన ఒక 12 ఏళ్ల కుర్రాడి మూత్రంలో, ఎంత కట్టడి చేసినా చక్కెర కనిపిస్తోందట. ఆరా తీస్తే తేలిందేమంటే, వాడు పంజరంలోని పిట్ట గింజలు, పళ్లు తోముకునే పేస్టు తింటున్నాడు. వైద్యుల రికార్డుల్లో ఉన్న సంగతే ఇది. ఆ కుర్రాడు బతకలేదు.

ఇదే అలెన్ దగ్గరికి 1919లో ఎలిజబెత్ హ్యూస్ అనే 11 ఏళ్ల అమ్మాయి వచ్చింది. తండ్రి చార్లెస్ ఇవాన్స్ హ్యూస్, ఆ తర్వాత అమెరికా విదేశాంగ మంత్రి అయ్యాడు. డబ్బున్న ఇల్లు కాబట్టి అమ్మాయి వెంట బ్లాంచ్ అనే నర్సును పెట్టారు. ప్రతి ముద్దా తూకం వేసి పెట్టడం, లెక్క రాయడం, పిల్ల ధైర్యం జారిపోకుండా చూడడం ఆమె ఉద్యోగం. 1922 ఆగస్టులో ఇన్సులిన్ కోసం కెనడాలోని టొరంటో చేరేనాటికి ఎలిజబెత్‌కి ఇంకా 15 ఏళ్లు నిండలేదు, బరువు సుమారు 20 కిలోలు. ఆమెను ఇన్సులిన్ వచ్చేదాకా నిలబెట్టింది ఏమిటని అడిగితే, అలెన్ పథ్యం అని వైద్య చరిత్ర చెబుతుంది. ఆ పథ్యాన్ని మూడేళ్లు రోజూ నడిపించిన మనిషి నర్సు అని నేనంటాను.

టొరంటో కథ చాలామందికి తెలుసు. కోమాలో ఉన్న పిల్లల వార్డులో డాక్టర్లు మంచం మంచానికీ వెళ్లి సూదులు వేస్తుంటే, చివరి పిల్లకి వేసేసరికి మొదటి పిల్ల కళ్లు తెరిచిందని వాట్సాప్‌లో ఏటా తిరుగుతుంది. రికార్డుల్లో ఉన్నది అంత సినిమాలా లేదు. 1922 జనవరి 11న టొరంటో జనరల్ ఆస్పత్రిలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటి సూది వేశారు. మందు శుద్ధిగా లేక సూది వేసిన చోట గడ్డ లేచింది, షుగర్ కూడా పెద్దగా దిగలేదు. ఆపేశారు. కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త మందును మరింత శుద్ధి చేశాక 23న మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి పనిచేసింది. ఈ పరిశోధన నడిపిన బాంటింగ్, మాక్లియాడ్‌లకు 1923లో నోబెల్ వచ్చింది.

చావు తప్పింది సరే, ఆ తర్వాత? ఇన్సులిన్ రోగాన్ని నయం చేయలేదు, రోజువారీ పనిగా మార్చింది. అంతకుముందు నెలల్లో పోయే పిల్ల ఇప్పుడు దశాబ్దాలు బతకాలి. ఆ దశాబ్దాలు ఆస్పత్రిలో గడపలేదు కదా. సూది ఇంటికి రావాలి, వేసే చెయ్యి ఇంట్లోదే కావాలి. సిరంజి గాజుది, వాడిన ప్రతిసారీ ఉడకబెట్టాలి. మొద్దుబారిన సూదిని సానరాయి మీద నూరుకోవాలి. మన ఊళ్లలో డాక్టర్లు సిరంజి ఉడకబెట్టిన స్టీలు డబ్బా గుర్తున్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

దీన్ని ముందుగా పట్టుకున్నవాడు బోస్టన్‌లోని ఎలియట్ జోస్లిన్. షుగర్ చికిత్సలో సగం పని చదువు చెప్పడమే అనుకున్నాడు, ఆ చదువు చెప్పడానికి నర్సులను తయారుచేశాడు. 1920ల్లో ఆయన నర్సులు ఇళ్లకే వెళ్లేవాళ్లు. వాళ్లను ‘తిరిగే నర్సులు’ అనేవారు. ఆ ఇంటి పొయ్యి దగ్గర, ఆ ఇంటి గిన్నెలతో, ఆ తల్లి వండే తిండినే తూచి చూపించేవాళ్లు. ఆస్పత్రిలో నేర్పిన పాఠం ఇంటికెళ్లాక ఎందుకు పనికిరాకుండా పోతుందో ఆ నర్సులకు తెలిసినంతగా డాక్టర్లకు తెలిసే అవకాశం లేదు. జోస్లిన్ దగ్గరే పనిచేసిన ప్రిసిల్లా వైట్ పిల్లల షుగర్‌నే ప్రత్యేక విషయంగా తీసుకున్న తొలి డాక్టర్లలో ఒకరు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో కొన్ని దశాబ్దాల తర్వాత జోన్ వాకర్ అనే డాక్టరమ్మ ఇలాగే హెల్త్ విజిటర్లను ఇళ్లకు పంపింది.

పిల్లల క్యాంపులూ అప్పుడే మొదలయ్యాయి. 1925లో మిషిగన్‌లో ఒకటి. 1932లో మసాచుసెట్స్‌లో ఆడపిల్లల కోసం ఇంకొకటి, అమెరికా రెడ్‌క్రాస్ పెట్టిన నర్సు క్లారా బార్టన్ పుట్టిన ఊళ్లోనే. ఇంట్లో తనొక్కతే సూది వేసుకునే పిల్ల, పక్క మంచం పిల్ల కూడా వేసుకోవడం చూస్తుంది. అక్కడే చాలామంది తొలిసారి తమ సూది తామే వేసుకున్నారు.

కొలత సంగతి వేరే కథ. దశాబ్దాల పాటు రక్తం కాదు, మూత్రం చూసేవాళ్లు. పరీక్షనాళికలో నీలం రంగు బెనెడిక్ట్ ద్రావణం, అందులో ఎనిమిది చుక్కల మూత్రం, మరిగించడం. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు. చిక్కేమిటంటే, రక్తంలో షుగర్ దాదాపు 180 దాటితే తప్ప మూత్రంలోకి రాదు. పైగా మూత్రం చెప్పేది గడిచిన కొన్ని గంటల సంగతి. పిల్ల షుగర్ 50కి పడిపోయినా నాళిక నీలంగానే ఉంటుంది. తల్లికి తెలిసేది పిల్ల చెమటలు పట్టి వణికినప్పుడే. 1941లో మరిగించనక్కర్లేని క్లినిటెస్ట్ బిళ్ల వచ్చింది, 1970లో రక్తం చూసే మిషన్ వచ్చింది. కిలోకు పైగా బరువున్న ఆ మిషన్ డాక్టర్ల కోసం చేసింది. ఇళ్లలోకి రావడానికి మరో పదేళ్లు పట్టింది.

ఇంట్లో అన్నిసార్లు వేలు గుచ్చి చూడడం, అన్ని సూదులు వేయడం నిజంగా అవసరమా? దీనికి జవాబు 1993లో దొరికింది. అమెరికా, కెనడాల్లో 1,441 మందిని సగటున ఆరున్నరేళ్లు చూసిన డీసీసీటీ అనే అధ్యయనంలో, షుగర్‌ని గట్టిగా అదుపులో పెట్టినవాళ్లలో కంటి జబ్బు మొదలయ్యే ప్రమాదం 76 శాతం తగ్గింది. అందులో తక్కువగా చెప్పుకునే సంగతి ఒకటుంది. ఆ అదుపు మందు ఒక్కదానితో రాలేదు. నర్సులు, డైటీషియన్లు నెలనెలా కలుస్తూ, మధ్యలో ఫోన్లు చేస్తూ డోసులు సరిచేస్తూ వచ్చారు. ఆ ఫలితాన్ని ప్రపంచమంతా తీసుకుంది. ఆ ఫోన్ చేసే మనిషిని అన్ని దేశాలూ తీసుకోలేదు.

ఇటలీలోని పార్మాలో జరిగింది కూడా చెప్పాలి. 1991లో అక్కడి బడుల్లో, పిల్లల డాక్టర్ల క్లినిక్కుల్లో ఒక పోస్టర్ అంటించారు. పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ తడుపుతోందా, నీళ్లు విపరీతంగా తాగుతోందా, చిక్కిపోతోందా, అయితే షుగర్ చూపించండి అని. అంతకుముందు కొత్తగా షుగర్ బయటపడిన పిల్లల్లో 78 శాతం మంది కీటోఅసిడోసిస్ అనే ప్రాణాంతక స్థితిలో వచ్చేవాళ్లు. తర్వాతి ఎనిమిదేళ్లలో అది 12.5 శాతానికి దిగింది. ముఖ్యంగా ఒక కాగితం ముక్కతో.

మన దగ్గర ఆ లక్షణాలకు వేరే పేర్లున్నాయి. పక్క తడిపితే భయపడిందంటారు, చిక్కిపోతే దిష్టి. ఆయాసమొస్తే నిమ్ము, కడుపునొప్పికి గ్యాస్. ‘పోసిన చోట చీమలు పడుతున్నాయి’ అని అమ్మమ్మ చెప్పినా ఎవరూ పట్టించుకోరు, అదేమో పాత వైద్య గ్రంథాల్లో సైతం ఉన్న గుర్తు. నీరసంగా ఉందని ఊళ్లో గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు. ఇన్సులిన్ లేని ఒంట్లోకి నేరుగా చక్కెర పోసినట్టే అది. వాంతులతో, ఆయాసంతో వచ్చిన ప్రతి పిల్లకీ సెలైన్ ముందు ఒక వేలి చుక్క చూస్తే సరిపోతుంది. నిమిషం పని.

పెద్దాస్పత్రిలో కీటోఅసిడోసిస్ చికిత్స అంటే ఎక్కువగా నర్సు పనే. ద్రవాలు తొందరపడకుండా ఎక్కించాలి. ఇన్సులిన్ కిలో బరువుకు గంటకు 0.05 నుంచి 0.1 యూనిట్ చొప్పున, అదీ ద్రవాలు మొదలుపెట్టిన గంట తర్వాతే. గంటకోసారి షుగర్ చూడాలి, పొటాషియం పడిపోకుండా చూసుకోవాలి. అన్నిటికన్నా, బాగవుతున్న పిల్ల ఉన్నట్టుండి తలనొప్పి అంటే, పిలిస్తే పలకకపోతే, అది మెదడు వాపేమోనని అనుమానించాలి. ఆ మార్పు ముందు కనిపించేది పక్కనే ఉన్న సిస్టర్‌కే.

ఇంటికి వచ్చాక తప్పులు ఇంకో రకం. మన దేశంలో సీసాల్లోని ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నులో వేసే మందు 100 యూనిట్లది. 100 సిరంజికి నారింజ మూత. సీసాలోని 40 మందును నారింజ మూత సిరంజితో పది గీత వరకు లాగితే వెళ్లేది నాలుగు యూనిట్లే. 100 మందును ఎర్ర మూత సిరంజితో పదికి లాగితే ఏకంగా 25 యూనిట్లు. మెడికల్ షాపులో ‘ఏదైనా ఒకటే’ అని ఇచ్చేస్తే అంతే సంగతులు. రెంటచింతల ఎండల్లో ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలి? సీసా తడవకుండా డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి మట్టికుండలో నీడన ఉంచమంటారు. ఇది నేర్పాలంటే ఆ ఇంట్లో ఫ్రిజ్ ఉందో లేదో ముందు అడగాలి. ఫ్రిజ్ ఉన్నవాళ్లు డీప్ ఫ్రీజర్లో పెట్టి గడ్డకట్టించడమూ మామూలే.

మొదలుపెట్టిన కొన్ని వారాలకు డోసు బాగా తగ్గిపోయే కాలం ఒకటి వస్తుంది. మిగిలిన కాసిని కణాలు కొన్నాళ్లు కోలుకుంటాయి. పిల్లకి నయమైందని ఇన్సులిన్ మానేసేది, నాటు మందుకి తీసుకెళ్లేది సరిగ్గా అప్పుడే. ఆ మందు పనిచేసిందని పేరు కూడా వస్తుంది. ఇంకొన్ని నెలలకు ఎప్పుడూ ఒకేచోట సూది వేసి అక్కడ కొవ్వు గడ్డకట్టి ఉంటుంది, మందు సరిగా ఒంటికి పట్టదు. చేత్తో తడిమి చూసే సిస్టర్‌కి అది అర నిమిషంలో తెలిసిపోతుంది. తడమకపోతే డోసు పెంచుతూ పోతారు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2006లో చిన్న వయసులో షుగర్ వచ్చినవాళ్ల రిజిస్ట్రీ మొదలుపెట్టింది, 2022లో టైప్ 1 చికిత్సకు మార్గదర్శకాలు తెచ్చింది. మంచిదే. కానీ ఊరూరా జరిగే షుగర్ పరీక్షల కార్యక్రమం 30 ఏళ్లు దాటినవాళ్లకు. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరుగుతారు, తాతకి షుగర్ చూస్తారు. అదే ఇంట్లో దాహం దాహం అంటున్న మనవరాలు ఆ రిజిస్టర్లోకి రాదు. జోస్లిన్ కొత్తగా తయారుచేసుకున్న తిరిగే నర్సులకు దగ్గరైన మనుషులు మనకు ముందునుంచే ఉన్నారు, వాళ్ల పని జాబితాలో ఈ పిల్ల లేదు.

ఎలిజబెత్ హ్యూస్ 73 ఏళ్లు బతికి 1981లో చనిపోయింది. సుమారు 42,000 సూదులు. పెళ్లి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కన్నది. తన జబ్బు సంగతి మాత్రం బయటివాళ్లకు తెలియకుండా జీవితమంతా దాచింది. విదేశాంగ మంత్రి కూతురే దాచుకుంటే మన ఇళ్లలో ‘ఆడపిల్ల, రేపు పెళ్లి కావాలి’ అని దాచడంలో వింతేముంది. కాకపోతే దాచిన ప్రతిచోటా ప్రమాదమే, ముఖ్యంగా బడిలో. బాత్రూములో తలుపేసుకుని సూది వేసుకునే పిల్ల అక్కడే కళ్లు తిరిగి పడిపోతే ఎందుకో ఎవరికీ తెలియదు.

2017లో సీబీఎస్‌ఈ ఈ పిల్లలు బోర్డు పరీక్ష హాల్లోకి చాక్లెట్లు, పండ్లు, నీళ్ల సీసా తెచ్చుకోవచ్చంది. 2023లో జాతీయ బాలల హక్కుల కమిషన్, క్లాసులో షుగర్ చూసుకోనివ్వాలని, ఇన్సులిన్ వేసుకోనివ్వాలని రాష్ట్రాలకు రాసింది. మన బడుల్లో నర్సు ఉండటం అరుదు, కాబట్టి ఆ పని టీచరుదే. చెమటలు పడుతూ తికమకగా మాట్లాడే పిల్లకి మూడు చెంచాల పంచదార, మరీ చిన్న పిల్లకైతే ఇంకాస్త తక్కువ. పావుగంట ఆగి మళ్లీ షుగర్ చూడాలి, 70 దాటకపోతే మళ్లీ పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి. ఆ పంచదార పొట్లం ఏ సొరుగులో ఉందో ఆ టీచర్ సెలవు పెట్టిన రోజు వచ్చే టీచర్‌కీ, పక్క బెంచీ పిల్లకీ తెలిసి ఉండాలి.