వీల్ ఆఫ్ టైమ్ గొడవ 2021లో కాదు, 2015లో ఒక అర్ధరాత్రి మొదలైంది

రాబర్ట్ జోర్డాన్ మొదలుపెట్టిన ఫాంటసీ పుస్తకాల ఆధారంగా వచ్చి, 2025లో అమెజాన్ రద్దు చేసిన వీల్ ఆఫ్ టైమ్ సిరీస్‌ని ముంచింది ఎవరు అనే పంచాయితీ మళ్ళీ మొదలైంది. సిరీస్ చూసి ఇష్టపడ్డవాళ్ళేమో, పుస్తకాల ఫ్యాన్సే మొదటిరోజు నుంచి దుమ్మెత్తిపోసి కొత్తవాళ్ళని రాకుండా చేశారు అంటున్నారు. పుస్తకాల వాళ్ళేమో కథని మీ ఇష్టమొచ్చినట్టు మారిస్తే మేమెందుకు మొయ్యాలి అంటున్నారు. అమెజాన్‌ని తిట్టడంలో మాత్రం ఇద్దరూ ఒకటే. రాబర్ట్ జోర్డాన్ ఎవరు, 14 పుస్తకాలేంటి, కాలచక్రం గోలేంటి అనేది ఈ గొడవలో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, కొత్తవాళ్ళకి కూడా తెలుగు డబ్బింగ్ పుణ్యమా అని ఎంతో కొంత తెలుసు. అందుకే అదంతా వదిలేసి నేరుగా 2015 ఫిబ్రవరి 9కి వెళ్దాం, ఎందుకంటే నా లెక్కలో ఇవాళ్టి గొడవకి వేరు అక్కడుంది.

ఆ రోజు అమెరికాలో ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ అనే ఛానల్లో రాత్రి ఒకటిన్నరకి, మామూలుగా ఎవడో మిక్సీలు, నడుం బెల్టులు అమ్ముకునే టైంలో, డబ్బు కట్టి కొనుక్కున్న అరగంట స్లాట్‌లో ఒక ఎపిసోడ్ వచ్చింది. పేరు వింటర్ డ్రాగన్. ముందు ట్రైలర్ లేదు, ప్రకటన లేదు. చూస్తే అది 1990లో వచ్చిన మొదటి పుస్తకంలోని తొలి ఘట్టం, పిచ్చి పట్టిన పాతకాలపు వీరుడు లూస్ థెరిన్ శిథిలమైన సొంత భవనంలో పెళ్ళాన్ని పేరు పెట్టి పిలుచుకుంటూ తిరుగుతుంటాడు, ఆమెని చంపింది తనేనని అతనికే తెలీదు, శత్రువు వచ్చి ఆ మతి తిరిగి తెప్పిస్తాడు. శత్రువుగా వేసింది టైటానిక్ సినిమాలో విలన్ బిల్లీ జేన్. పాతికేళ్ళుగా తెర మీద చూడాలని జనం తపించిపోయిన సీను అది, అది కాస్తా నిద్రపోయే వేళ, చుట్టపెట్టేసినట్టు, ఎవరికీ చెప్పకుండా వేసేశారు.

ఎందుకు? తీసింది రెడ్ ఈగిల్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే నిర్మాణ సంస్థ, వాళ్ళు 2004లోనే ఈ పుస్తకాల్ని తెరకెక్కించే హక్కులు తీసుకున్నారు, 2008లో యూనివర్సల్ స్టూడియోతో ఒప్పందం కుదిరింది, తర్వాత ఏళ్ళు గడిచాయి కానీ తెర మీదకి ఏమీ రాలేదు. జోర్డాన్ భార్య, ఆయన పుస్తకాల ఎడిటర్ కూడా అయిన హారియెట్ మెక్‌డూగల్ ఆ రోజే ప్రకటన ఇచ్చింది. నాకు తెలీకుండా తీశారు, స్క్రిప్టు నేను చూడలేదు, టీవీ హక్కులు ఈ బుధవారం అంటే 11వ తారీఖున తిరిగి మా కంపెనీకి వచ్చేయాలి అని. సోమవారం తెల్లారుజామున ఎపిసోడు, బుధవారం గడువు. ఇంక అర్థం చేసుకోడానికి ఏముంది, హక్కులు చేజారిపోకుండా మొక్కుబడిగా ఏదో ఒకటి ప్రసారం చేశారని ఫ్యాన్సంతా అనుకున్నారు. రెడ్ ఈగిల్ వాళ్ళేమో వెనక్కి తగ్గకపోగా, ఆవిడ మాటల వల్ల మా పేరు పాడైందని ఆవిడ మీదే దావా వేశారు. భర్త పోయాక కథని ఒడ్డుకి చేర్చిన పెద్దావిడ మీద కేసు! పుస్తకాల ఫ్యాన్స్ ఎటు నిలబడ్డారో వేరే చెప్పాలా.

పుస్తకాల వాళ్ళంటే ఒక్క కామా మార్చినా ఊరుకోని మూర్ఖులు అని సిరీస్ ఫ్యాన్స్ తేలిగ్గా అనేస్తున్నారు కాబట్టి ఇక్కడ ఒక్క విషయం గుర్తు చెయ్యాలి. 2007లో జోర్డాన్ పోయాక మిగిలిన కథని బ్రాండన్ శాండర్సన్ అనే వేరే మనిషి రాస్తే 2009, 2010, 2013లో వచ్చిన ఆ మూడు లావు పుస్తకాలనీ ఇదే జనం నెత్తిన పెట్టుకున్నారు. శాండర్సన్ శైలి వేరు, మ్యాట్ పాత్ర మాట తీరు మారిపోయిందని సణిగారు, అయినా చదివారు. కారణం, అతన్ని వెతికి పట్టుకుని పని అప్పజెప్పింది హారియెట్. అంటే వీళ్ళు మార్పుని ఒప్పుకోరని కాదు, మార్చేవాడిని ఎవరు తెచ్చారన్నది చూస్తారు.

2016 ఏప్రిల్లో కోర్టు గొడవలు తీరిపోయాయని, పెద్ద స్టూడియో ఒకటి తీయబోతోందని హారియెట్టే చెప్పింది. 2017లో సోనీ, సిరీస్‌ని నడిపించడానికి రేఫ్ జడ్కిన్స్ వచ్చారు, 2018 అక్టోబర్లో అమెజాన్ సరే అంది. అదే అమెజాన్ అంతకు ముందు ఏడాదే లార్డ్ ఆఫ్ ద రింగ్స్ హక్కులు కొనేసి కూర్చుంది, కాబట్టి ఇంట్లో పెద్ద కొడుకు ఎవరో అప్పుడే తేలిపోయింది. ఇక నిర్మాతల లిస్టు చూస్తే రెడ్ ఈగిల్ తాలూకు ఆ ఇద్దరు పెద్దమనుషులూ, రిక్ సెల్వేజ్, లారీ మొండ్రగాన్, అందులో ఉన్నారు. కన్సల్టింగ్ నిర్మాతలుగా హారియెట్ పేరు, శాండర్సన్ పేరు కూడా వేశారు, పేరుకి.

2021 నవంబర్లో మొదటి ఎపిసోడ్ వచ్చింది, అందులోనే హీరో స్నేహితుడు పెరిన్‌కి పుస్తకంలో లేని పెళ్ళాన్ని పెట్టి, పోరాటంలో అతని చేతే పొరపాటున చంపించారు. ఇది వద్దని చెప్పానని శాండర్సనే బయట రాశాడు. సిరీస్ వాళ్ళ వైపు నుంచి చూస్తే వాళ్ళ కష్టాలూ ఉన్నాయి, కోవిడ్‌తో షూటింగ్ ఆగింది, మ్యాట్‌గా వేసిన బార్నీ హారిస్ మధ్యలో వెళ్ళిపోయాడు, అన్నేసి పుస్తకాలకి సీజన్‌కి ఎనిమిదే ఎపిసోడ్లు. నటుల రంగు గురించి ఏడ్చిన బ్యాచ్ కూడా ఒకటుంది, వాళ్ళని ఎవరూ వెనకేసుకు రానక్కర్లేదు. కానీ మిగతా పాఠకుల కోపాన్ని కూడా అదే గాటన కట్టేసి పక్కన పెట్టడం సిరీస్ ఫ్యాన్స్ చేసిన పెద్ద తప్పు.

అసలు బాధేంటంటే మూడో సీజన్ నిజంగా బాగుంది. 2025 మార్చిలో వచ్చింది, నాలుగో పుస్తకం కథ ఎక్కువ తీసుకున్నారు. నాలుగో ఎపిసోడ్‌లో హీరో రాండ్ ఎడారి నగరం రుయిడియన్‌లో గాజు స్తంభాల మధ్య అడుగేస్తుంటే ఒక్కో అడుగుకీ ఒక్కో తరం వెనక్కి వెళ్తాడు, ఆ ముత్తాతలందరి వేషం జోషా స్ట్రాడౌస్కీనే వేశాడు, గడ్డం మారుద్ది, నడక మారుద్ది, మనిషే మారిపోతాడు. అప్పటిదాకా తిట్టినవాళ్ళు కూడా చాలామంది అక్కడ నోరు మూశారు. ఏప్రిల్ 17న సీజన్ అయిపోయింది, మే 23న ఇంక లేదు అన్నారు. ఖర్చుకి తగ్గట్టు చూసేవాళ్ళు లేరన్నది బయటికొచ్చిన కారణం. మొదట్లోనే పాఠకుల నమ్మకం పోగొట్టుకుని, మూడో సీజన్‌కి తిరిగి సంపాదించుకున్నారు సరే, అప్పటికే వెళ్ళిపోయినవాళ్ళు వెనక్కి రావద్దూ?

రద్దయ్యాక శాండర్సన్ రాసింది ఇప్పుడు ఇద్దరూ తమకి కావల్సిన ముక్క కోసుకుని వాడుకుంటున్నారు. ఈ సిరీస్‌తో నాకు ఇబ్బందులున్నాయి కానీ ఫ్యాన్స్‌కి ఇలా జరగాల్సింది కాదు, అన్నిట్లో బెస్ట్ సీజన్ తర్వాత ఆపేశారు అన్నాడు, ఇది సిరీస్ ఫ్యాన్స్ ముక్క. విలువ కోసం నా పేరు వాడుకున్నారు తప్ప నన్ను సరిగ్గా కలుపుకోలేదు అని కూడా అదే నోటితో అన్నాడు, ఇది పుస్తకాల వాళ్ళ ముక్క. నాకైతే రెండోదే ముఖ్యం, మూడు సీజన్లూ పాఠకులు అనుమానపడింది అదే కదా.

ఇక సిరీస్‌ని బతికించమని పెట్టిన పిటిషన్ మీద లక్షకి పైగా సంతకాలు పడ్డాయి, అందులో పుస్తకాల వాళ్ళూ ఉన్నారు. అమెజాన్ కాకపోతే ఇంకోళ్ళకివ్వండి అనే డిమాండ్ ఇప్పుడు మళ్ళీ లేస్తోంది, కానీ ఇవ్వాల్సింది ఎవరు అన్న దగ్గరికొచ్చేసరికి కథ తిరిగి పాత చోటికే వస్తోంది. రెడ్ ఈగిల్ పేరు మార్చుకుని ఐవాట్ స్టూడియోస్ అయింది, 2025 ఏప్రిల్లో, అంటే సిరీస్ ఇంకా రద్దు కాకముందే, మాంట్రియల్లో స్టూడియో పెట్టి భారీ ఓపెన్ వరల్డ్ వీడియో గేమ్ తీస్తున్నామని ప్రకటించింది. సిరీస్ ఫ్యాన్స్ సంబరపడ్డారు. 2015 గుర్తున్న పాఠకులు మాత్రం ముందు గేమ్ కనిపించనివ్వండి, అదీ పగటిపూట, అంటున్నారు.