మిర్చి చేన్లో రెండు కూలి రేట్లు: ‘ఓపిక’ వాదన వెనక కథ

మిర్చి ఏరుడు మొదలైతే చాలు, వరంగల్, ములుగు, భూపాలపల్లి ఊళ్లలో కూలి రేటు లొల్లి మళ్లీ లేస్తుంది. మందు కొట్టే మగవాళ్లకు ఒక రేటు, పొద్దంతా నడుం వంచి కాయ ఏరే ఆడవాళ్లకు అంతకన్నా బాగా తక్కువ. రైతులు చెప్పేది ఇది: పంటకు ధర లేదు, పెట్టుబడి పెరిగింది, పైగా ‘ఆడోళ్లది ఓపిక పని, మగోళ్లది బరువు పని’. మొదటి రెండూ నిజమే కావచ్చు. మూడోదాని సంగతే చూడాలి.

ఒకే తరహా పనికి ఆడ, మగ తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలన్న 1976 సమాన వేతన చట్టం అందరికీ తెలిసిందే. అసలు మలుపు 2006 ఫిబ్రవరిలో వచ్చింది. ఉపాధి హామీ తొలి విడత 200 జిల్లాల్లో వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ ఉన్నాయి. తవ్విన గుంత పొడవు, వెడల్పు, లోతు టేపు పెట్టి కొలిచేవారు. ఘనపు మీటర్ల లెక్కన వచ్చిన కూలిని గ్రూపులో పనిదినాలను బట్టి పంచేవారు. గడ్డపార పట్టినాయనకూ, తట్ట మోసినామెకూ ఒకటే రేటు. ఎవరికి ఓపికుంది, గట్టిగా రేటు అడిగే నోరు ఎవరికుంది అన్న ప్రశ్నే రాలేదు. అదే మనుషులు, అవే స్వభావాలు; రేట్లు రెండు మాత్రం లేవు. తక్కువ కూలికి చేనుకు రామని ఆడవాళ్లు అనగలిగిందీ అప్పుడే. ఉపాధి పనుల మీద రైతుల గుర్రుకు అదీ ఒక కారణం.

స్వభావానికీ సంపాదనకూ సంబంధం లేదని కాదు. 2012లో అమెరికా ఉద్యోగుల లెక్కలతో వచ్చిన ఒక అధ్యయనంలో, సర్దుకుపోయే మగవాళ్ల కన్నా మొండిగా ఉండేవాళ్లు దాదాపు 18 శాతం ఎక్కువ సంపాదించారు. ఆడవాళ్లలో ఆ తేడా 5 శాతం పైచిలుకే. గట్టిగా అడిగినా ఆడవాళ్లకు దక్కేది అంతంతే. (గయ్యాళి అన్న పేరు మాత్రం ఉచితం.) నోరు లేకే కూలి తక్కువ అనేవాళ్లు ఈ లెక్క చూడాలి.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం, సమాన వేతన చట్టాన్ని తనలో కలిపేసుకుంది. రెండు పనులు ఒకే తరహావా కాదా తేల్చడానికి అది చూడమన్నవి నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత. ఓపిక అందులో లేదు. రైతుల పట్టు కూడా ఇక్కడే ఉంది: మందు కొట్టుడు వేరు, ఏరుడు వేరు అంటారు. ఏరుడుకు మగవాళ్లను పిలిచేదే తక్కువ కాబట్టి పోల్చి చూపడానికి పక్క సాలులో మగకూలి ఉండడు. ఇక కిలో లెక్కన ఏరే చోట రేటు మాట్లాడుకునేది రైతు, మేస్త్రి. ఎంతకు కుదిరిందో చాలాచోట్ల ఆడవాళ్లకు ఆటో ఎక్కాకే తెలుస్తుంది.